తేనెతాడు

డాక్టరు కరుణాకరం బొటనవేలు పక్కకు తీస్తే బల్ల మీద ఉన్న మనిషి చనిపోతాడు.

ఆ సంగతి గదిలో ఇద్దరికే తెలుసు. గజ్జల్లో పెద్ద రక్తనాళం మీద వేలు బిగబట్టి వంగి నిలబడ్డ కరుణాకరానికి, క్లోరోఫారం సీసా పట్టుకున్న నర్సు దయామణికి. డోలీ మోసుకొచ్చిన చెంచులు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. వాళ్ళ కాళ్ళ కింద వసారా గచ్చు ఎర్రగా తడిసి ఉంది.

"రబ్బరు గొట్టం," అన్నాడు కరుణాకరం.

దయామణి సీసా కింద పెట్టి, గొట్టాన్ని తొడ చుట్టూ తిప్పి, మోకాలు బల్లకు ఆనించి బిగించింది. కరుణాకరం వేలును కొద్ది కొద్దిగా సడలించాడు. నెత్తురు పొంగలేదు. అప్పుడు గాని ఆయన బల్ల మీది మనిషి మొహం చూడలేదు.

ఆ మొహంలో కళ్ళు లేవు. తేనెటీగలు కుట్టి రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. జుట్టులో మైనం ముక్కలు అతుక్కున్నాయి. ఎడమకాలి ముందు ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. దాని చుట్టూ మట్టి, ఆకులు, రాతిపొడి.

పేరు కాశయ్య. తేనెపట్టు కోసం కొండ అంచు నుంచి తాడు మీద దిగుతుంటే తాడు తెగింది. డోలీ వాళ్ళు చెప్పింది అంతే. మిగతాది వసారాలో నుంచి వినిపిస్తూనే ఉంది. అతని భార్య రామమ్మ ఏడవడం లేదు. ఒకే గొంతుతో, దారిన పోయేవాళ్ళకు కబురు చెప్పినట్టు, ఒకే మాట చెప్తోంది.

"నా తమ్ముడే చంపినాడు. నా తమ్ముడే నా తాళి తెంపినాడు."

కరుణాకరం కిటికీలోంచి చూశాడు. ఆసుపత్రి కంచె అవతల, గేటుకు దూరంగా, ఒక మనిషి ఎండలో నిలబడి ఉన్నాడు. డోలీ కర్ర ముందు కొస కొండ మీద నుంచి ఇక్కడిదాకా భుజం మార్చకుండా మోసింది అతనేనట. గేటు దాటగానే మిగతావాళ్ళు అతన్ని బయటికి నెట్టారు. అతని పేరు సుబ్బన్న. రామమ్మ తమ్ముడు, కాశయ్యకు బామ్మర్ది.

"మత్తు పెట్టు," అన్నాడు కరుణాకరం.

దయామణి కాశయ్య ముక్కు మీద గుడ్డ చుట్టిన తీగ గిన్నె బోర్లించి చుక్కలు వేయడం మొదలుపెట్టింది. కరుణాకరం తెగిన నాళాలను ఒక్కొక్కటిగా పట్టి ముడి వేశాడు. కాచిన నీళ్ళతో, మందు నీళ్ళతో, మళ్ళీ కాచిన నీళ్ళతో కడిగాడు. చిమటాతో రాతి ముక్కలు ఏరి పళ్ళెంలో వేస్తుంటే టింగుటింగుమన్నాయి.

కాలు తీసెయ్యడమే మేలని దయామణి మెల్లగా అంది. మార్కాపురం పలకల గనుల్లో రాళ్ళు పడి నలిగిన కాళ్ళను ఆమె చాలా చూసింది. ఏది నిలుస్తుందో, ఏది నిలవదో ఆమెకు ఒక అంచనా ఉంది. కరుణాకరానికీ ఉంది. కానీ గనిలో కాలు పోయినవాడు గుడిసె ముందు కూర్చుని పలకలకు చట్రాలు బిగించి బతకగలడు. కాలు లేని చెంచువాడు అడవిలో ఏం చేస్తాడు?

"నిలబెట్టి చూద్దాం," అన్నాడు.

ఎముక సరిచేసి, వెదురుబద్దలు కట్టి, కాలును పైకి వేలాడదీయాలి. వార్డులో మంచం మీద పడుకోబెట్టాక దయామణి పట్టీ గుడ్డతో కట్టబోయింది. ఆ బరువుకు గుడ్డ చిరిగింది. ఇంకొకటీ చిరిగింది. కరుణాకరం విసుగ్గా చుట్టూ చూశాడు. మూలన గోడమేకుకు ఒక తాడు చుట్ట వేలాడుతోంది. నిన్న చెంచుగూడెం నుంచి తిరిగొచ్చినప్పుడు పనిముట్ల పెట్టెకు కట్టి ఉన్న తాడు.

"అది తీసుకురా. ఏనుగును కట్టినా తెగదది."

తాడును తనే దూలం మీదుగా వేసి, ముడి పైకి పోయేలా కట్టాడు. తాడు కొసన ఎర్రగుడ్డ పేలిక ఒకటి కలిపి పేని ఉంది. అది అడ్డం రాకుండా దూలం మీదికి దోపాడు. కాలు గాలిలో నిలిచింది. తాడు కొంచెం కూడా సాగలేదు. మంచి తాడు, అనుకున్నాడు కరుణాకరం, చేతులు కడుక్కుంటూ.

మరునాడు పొద్దున వాపు తగ్గి కాశయ్య కళ్ళు తెరుచుకున్నాయి. ఆ కళ్ళు మొదట చూసింది దూలం వైపు. చాలాసేపు చూశాడు. తర్వాత తాడు వెంబడి కిందికి తన కాలిదాకా, అక్కడి నుంచి డాక్టరు మొహందాకా వచ్చాడు.

నొప్పిగా ఉందా అని అడిగాడు కరుణాకరం.

"నా కాలికి ఉయ్యాల కట్టినావు దొరా. నన్నేమో మంచం మీద పడేసినావు," అన్నాడు కాశయ్య.

దయామణి నవ్వింది. కాళ్ళూ చేతులూ ఆడని మగవాళ్ళకే నోళ్ళు బాగా ఆడతాయని, మాట్లాడకుండా గంజి తాగమని గిన్నె నోటికి ఆనించింది. కాశయ్య గంజి తాగుతూ మళ్ళీ దూలం వైపే చూశాడు.

మగవాళ్ళ వార్డులోకి ఆడవాళ్ళను రానివ్వకూడదని ఆసుపత్రి కట్టిన మిషను దొరసాని పెట్టిన నియమం. అందుకని రామమ్మ, కాశయ్య తల్లి ముసలమ్మ వసారాలోనే కూర్చున్నారు. సుబ్బన్న కంచె అవతలే ఉన్నాడు. ఎండ తిరిగినప్పుడల్లా అతనూ కానుగ చెట్టు నీడతో పాటు జరుగుతున్నాడు. ముసలమ్మ అటు వీపు పెట్టి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం కరుణాకరం ఆమె పక్కన అరుగు మీద కూర్చుని అసలేం జరిగిందని అడిగాడు. ముసలమ్మ గూడేనికి పెద్ద. గూడెంలో తగువు ఏది వచ్చినా ఆమె ముందుకే వస్తుంది. ఆమె చెప్పింది విన్నాక ఆయనకు సుబ్బన్న అంత దూరంలో ఎందుకున్నాడో అర్థమైంది.

తేనెకు దిగే మనిషి తాడును అన్నదమ్ములు పట్టుకోరు. వాడు పోతే పెళ్ళాం వాడి తమ్ముడికి రావొచ్చు, వేటకుక్క వాడి అన్నకు రావొచ్చు. మనసు ఏ క్షణాన ఎట్ల తిరుగుతుందో ఎవరికి తెలుసు? అందుకని పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టుకోవాలి. తన అక్క బతుకును తన చేత్తో వదులుకోడు కాబట్టి. పట్టుకోవడమే కాదు, ఆ తాడు ఏటికేడు వాడే కొత్తగా పేనాలి. అక్క పాతకోకలోంచి ఒక పేలిక చించి కొసన కలిపి పేనాలి. కిందికి దిగేవాడు ఆ పేలికను ఒకసారి ముట్టుకుని దిగుతాడు. తాడు తెగితే, అది ఎట్ల తెగినా, తప్పు బామ్మర్దిదే.

కరుణాకరం వింటున్నాడు. పేలిక అన్న మాట కూడా విన్నాడు. కానీ ఆయన మనసు అప్పటికే వేరే దారి పట్టి ఉంది. తాడు కోశారా, తెగిందా? ఇదొక్కటి తేలిస్తే చాలని ఆయనకు ఉత్సాహం కలిగింది.

"ఇద్దరికీ తగాదా ఏమన్నా ఉండెనా?"

"ఉడుము కాడ కొట్లాడినారు," అంది రామమ్మ. "వీని కుక్క పట్టింది, వాని కుక్క తిన్నది."

తెగిన తాడు ముక్క ఆమె కొంగులోనే ఉంది. కరుణాకరం దాన్ని లోపలికి తీసుకుపోయి కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాడు. కత్తి గాటు లేదు. పోగులు ఒక్కొక్కటి ఒక్కో పొడవున తెగాయి. లోపలి నార నల్లబడి, వేళ్ళతో నలిపితే పొడి అయింది. పాత తాడు. కనీసం ఒక వానాకాలం తడిసిన తాడు.

ఆ మాట బయటికొచ్చి గెలిచినవాడిలా చెప్పాడు. సుబ్బన్న కోయలేదు, తాడు చీకిపోయింది. రామమ్మ మొహంలో మార్పు ఏదీ రాలేదు. ముసలమ్మ తల అడ్డంగా ఊపింది.

"కోసింటే కోపం అనుకుందుము. కొత్తది పేనకుండా పాతది కట్టినాడంటే అక్క మొగుని ప్రాణం వానికి అంత చులకన. ఇది ఇంకా చెడ్డది నాయనా."

కరుణాకరం గేటు దాటి సుబ్బన్న దగ్గరికి పోయాడు. కొత్త తాడు ఎందుకు పేనలేదని అడిగాడు.

సుబ్బన్న నేల చూస్తూ, "పేనినా," అన్నాడు.

"మరి అదెక్కడ?"

"పోయింది."

ఎవరు తీసుకున్నారంటే సుబ్బన్న తల ఎత్తి బాట వైపు చూశాడు. అంతలో కాటమరాజు గుర్రం దిగాడు. తేనె, చింతపండు, కుంకుడుకాయలు గూడేల నుంచి దింపించే కంట్రాక్టరు మనిషి అతను. పెద్ద మీసాలు, ఖాకీ నిక్కరు. కరుణాకరం కొండ మీద గూడెంలో మశూచి టీకాలు వేయడానికి పోయినప్పుడు మోతగాళ్ళను మాట్లాడి పెట్టింది కూడా అతనే. అతన్ని చూడగానే సుబ్బన్న నీడ వదిలి ఎండలోకి జరిగాడు.

కాటమరాజు డాక్టరును పక్కకు పిలిచి, వీళ్ళ తగువుల్లో తలపెట్టొద్దని నవ్వుతూ చెప్పాడు. ఇవాళ కొట్టుకుంటారు, రేపు ఒకే కుండలో తాగుతారు. తేనె ఈ వారంలోనే దిగాలని తను కొంచెం గట్టిగా చెప్పిన మాట నిజమే. అయితే పాత తాడుతో దిగమని ఎవరన్నా చెప్తారా? ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళు డాక్టరు కళ్ళ మీద ఒక్క క్షణం ఎక్కువగా నిలిచాయి. కరుణాకరం దాన్ని పట్టించుకోలేదు.

మూడో రోజు పొద్దున దయామణి వార్డు గుమ్మంలోనే ఆగి వాసన చూసింది. కరుణాకరానికి కూడా తెలిసింది. తియ్యగా, కుళ్ళిన పండులాంటి వాసన. కట్టు విప్పాడు. పిక్క రంగు మారింది. వేలితో నొక్కితే చర్మం కింద చిటపటమంది. కుళ్ళు మోకాలిదాకా వచ్చేసింది.

"మొదటి రోజే తీసెయ్యాల్సింది," అన్నాడు.

దయామణి నీళ్ళు కాచడానికి పోయింది.

తొడ సగంలో కోయాలి. కాలు పట్టుకోవడానికి బలమైన మనిషి కావాలి. కాంపౌండరు యేసుమణి జ్వరంతో కొమరోలులో ఉండిపోయాడు. డోలీ మోసినవాళ్ళు గూడేనికి తిరిగిపోయారు. కరుణాకరం ఎవరినన్నా పిలవమని చెప్తుంటే కాశయ్య తల తిప్పాడు. జ్వరంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"మా బామ్మర్దిని పిలువు దొరా. నన్ను పట్టుకోవాల్సినోడు వాడే."

రామమ్మ వసారాలో లేచి నిలబడి అడ్డం వచ్చింది. ముసలమ్మ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. కొడుకు అడిగినాడు, పోనీ, అంది.

సుబ్బన్న కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. బావ మొహం వైపు చూడలేదు. ముందు కాలిని కిందికి దించాలని కరుణాకరం దూలం చూపించాడు. సుబ్బన్న తల ఎత్తాడు.

అతని చేతులు ముడి దగ్గరికి పోలేదు. తాడు మీద ఆగాయి. రెండు వేళ్ళతో పురి వెంబడి తడుముకుంటూ పైకి పోయాయి. దూలం పైన దోపి ఉన్న కొసను చూడకుండానే అందుకుని కిందికి లాగాయి. ఎర్రగుడ్డ పేలిక బయటపడి కాశయ్య ఛాతీ మీద వేలాడింది. కాశయ్య చెయ్యి ఎత్తి దాన్ని ఒకసారి ముట్టుకున్నాడు.

వసారాలో రామమ్మ కట్టుకున్న చిరుగుల కోక అంచు అదే ఎరుపు.

కరుణాకరానికి గూడెం కళ్ళ ముందు నిలిచింది. టీకాలు అయిపోయాయి. పొద్దు వాలుతోంది. మోతగాడు పెట్టె ఎత్తబోతే తోలుపటకా పుటుక్కున తెగింది. ఏదో ఒక తాడు చూడవయ్యా, చీకటి పడేలోపల కొండఘాటు దిగాలి, అని ఆయనే అన్నాడు. కాటమరాజు ఒక గుడిసెలోకి దూరి, పచ్చి నార వాసన వేస్తున్న తాడు చుట్టతో బయటికొచ్చాడు. గుడిసె గుమ్మంలో ఒక మనిషి చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఆ మనిషి మొహం చూడలేదు, ఇది నీదా అని అడగలేదు. మంచి తాడు అని మాత్రం అన్నాడు.

"దొరా," అన్నాడు సుబ్బన్న. కాలు అతని రెండు చేతుల్లో ఉంది. దింపి ఎంతసేపైందో.

కరుణాకరం మిగతాదంతా పక్కకు పెట్టాడు. పెట్టక తప్పదు. దయామణి మత్తు చుక్కలు వేసింది. ఆయన చర్మాన్ని చుట్టూ కోసి పైకి జరిపాడు. కండను పొరలు పొరలుగా కోశాడు. నాళాలు కట్టాడు. నరాన్ని లాగి ఎత్తున కోసి వదిలాడు. రంపం పట్టుకున్నప్పుడు ఎదురుగా సుబ్బన్న మెడ వంచి, కళ్ళు మూసుకుని, కాలిని కదలకుండా పట్టుకుని ఉన్నాడు. అతని భుజం మీద డోలీ కర్ర ఒరుసుకుని చర్మం లేచిపోయింది. అట్లాంటి భుజం కరుణాకరం చిన్నప్పుడు రోజూ చూశాడు. ఆయన నాయన సీమోను కూడా దొరల పెట్టెలు మోసినవాడే.

రంపం అవతలికి వచ్చింది. కాలు బరువు మొత్తం ఒక్కసారిగా సుబ్బన్న చేతుల్లోకి వచ్చింది. అతను తూలాడు. కానీ వదల్లేదు.

కాశయ్యకు తెలివి వచ్చేసరికి పక్క మీద ఎండ పడుతోంది. జ్వరం కొంచెం తగ్గింది. బతుకుతాడని దయామణి నాడి చూసి చెప్పింది. ఆమె గిన్నెలు తీసుకుని పోయాక కరుణాకరం మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"నీకు తెలుసు. కళ్ళు తెరిచిన రోజే తెలుసు," అన్నాడు.

కాశయ్య ఖాళీగా ఉన్న దూలం వైపు చూశాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"నా కాలు నీ చేతుల్లో ఉండె గద దొరా. చెప్తే నీ చెయ్యి వణకదా?"

కాసేపటికి కాశయ్య నిద్రపోయాడు. వసారాలో మాటలు వినిపిస్తున్నాయి. గూడెం నుంచి మనుషులు వచ్చారు. కాలు పోయిన కబురు ముందే చేరింది. ఇక తేల్చుకోవాల్సింది ఒక్కటే. రామమ్మకు తమ్ముడు లేడని చెప్పేస్తారు. సుబ్బన్న ఆ గూడెంలో నీళ్ళు ముట్టకూడదు, ఆ అడవిలో పొయ్యి పెట్టకూడదు. చెంచువాడికి దాని తర్వాత మిగిలేది రైలుకట్ట మీద కంకర పని.

మేకుకు తిరిగి తగిలించి ఉన్న తాడును కరుణాకరం చేతుల్లోకి తీసుకున్నాడు. గుమ్మం దగ్గర కాటమరాజు ఎదురయ్యాడు. తాడు చూశాడు. మీసం కింద నవ్వు ఆగిపోయింది.

లోపల పెట్టేయమని మెల్లగా చెప్పాడు. మనిషి బతికినాడు కదా. ఇప్పుడు ఇది బయట పెడితే రేపటి నుంచి మీ టీకాకు ఒక్క చెంచు చెయ్యి చాపడు, సూది చూస్తే కొండెక్కుతారు. ఒక మనిషి ఎక్కడో కంకర కొట్టుకుంటే ఏం మునిగింది? అంతగా చెప్పాలనుంటే కాటమరాజు లాక్కొచ్చినాడని చెప్పండి. తనను వీళ్ళు ఏం చేయగలరు?

అది అబద్ధం కూడా కాదు. కరుణాకరం గుమ్మంలో అడుగు ఆపింది అందుకే. లాక్కొచ్చింది అతనే. ఒక్క పేరు చెప్తే సుబ్బన్న బయటపడతాడు, ఆసుపత్రి మిగులుతుంది, టీకాలు మిగులుతాయి. అన్నిటికంటే ముందు తను మిగులుతాడు.

ఆయన వసారాలోకి వచ్చి తాడు చుట్టను ముసలమ్మ ముందు గచ్చు మీద పెట్టాడు.

రామమ్మ మొదట పేలికను చూసింది. తర్వాత తన కోక అంచును చూసుకుంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలమ్మ తాడు ఎత్తి పురి నొక్కి చూసి, వాసన చూసి, ఒళ్ళో పెట్టుకుంది.

"పేనినాడే," అంది. "బాగనే పేనినాడు. ఇది ఇక్కడికెట్ల వచ్చె?"

కాటమరాజు గొంతు సవరించుకున్నాడు.

"నా పెట్టెకు కట్టించుకుని తెచ్చుకున్నా," అన్నాడు కరుణాకరం. "ఆ రోజు తాడు కావాలని అడిగింది నేనే. ఎవరిదని అడగలేదు. ఇది లేకనే వాళ్ళు పాతది కట్టుకున్నారు." ఇంకా ఏదో చెప్పాలనుకున్నాడు. తెలియక జరిగిందనో, కాలు నిలబెట్టాలని చూశాననో. అవి రెండూ నిజమే. రెండూ నోట్లోనే ఉండిపోయాయి.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. గూడెం వాళ్ళు ఆయన వైపు కాకుండా ఆయన చేతుల వైపు చూస్తున్నారు. మొన్న వాళ్ళ బిడ్డలకు టీకాలు వేసిన చేతులు.

"దొర తెంపినాడంట," అన్నాడు వాళ్ళలో ఒకడు, పక్కవాడితో.

"దొర అనేది పేరు గాదు," అంది ముసలమ్మ. "అడవికి ఒక దొర, బంగళాకు ఒక దొర, రైలుకు ఒక దొర. దొరలు తెంపినారంటే ఎవురూ తెంపలేదనే లెక్క. మా తగువు అట్ల తేలదు. పేరు జెప్పాల. అందరూ వినాల." ఆమె తల ఎత్తి కరుణాకరం మొహంలోకి చూసింది. "నీ పేరేంది నాయనా?"

ఇన్నేళ్ళుగా ఆ కొండల్లో తిరుగుతున్నా ఆ మాట ఆయనను అడిగినవాళ్ళు లేరు.

"కరుణాకరం."

ముసలమ్మ పెదవులు కదిలాయి. కొత్త పేరును లోపలే ఒకసారి అనుకుని చూసుకుంది. తాడును చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని లేచింది. మూడు రోజులుగా వీపు పెట్టి కూర్చున్న గేటు వైపు తిరిగింది. మళ్ళీ కానుగ కిందికి చేరిన సుబ్బన్న లేచి నిలబడ్డాడు.

"సుబ్బన్నా, లోపలికి రా. మీ అక్క పక్కన కూచో." ఆమె గొంతు కంచె దాటి బాటదాకా పోయింది. "నా కొడుకు తాడు తెంపినోడు కరుణాకరం."